మారిన చప్పుడుకు పలికిన మనిషి

మొన్న వీడియో కాల్‌లో మీలో చిన్నది అడిగింది, "అమ్మమ్మా, నువ్వు మనుషుల తలకి టోపీ పెట్టి, లోపల ఏమనుకుంటున్నారో చూసేదానివటగా?" అని. పక్కనుంచి పెద్దవాడు, "చూసి అందరికీ చెప్పేసేదట" అని నవ్వాడు. ఇది మీ అమ్మ పనే అయి ఉంటుంది. చిన్నప్పుడు తను అబద్ధమాడితే, "రా, టోపీ పెట్టి చూస్తాను" అని బెదిరించేదాన్ని. వెంటనే నిజం చెప్పేసేది. ఆ మిషన్ ఒకరి చేత నిజం చెప్పించిందంటే అది మీ అమ్మ ఒక్కదాని చేతే.

అసలు మిషన్‌కి ఎవరేమనుకుంటున్నారో తెలీదర్రా. ఈ మాట దోహాలో నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ అందరికీ చెబుతూనే ఉన్నాను. ఎవరూ నమ్మేవారు కాదు. 'తెలుసు, కానీ చెప్పదు ఈవిడ' అన్నట్టు చూసేవారు. అలా నమ్మని వాళ్ళ మధ్య ఒకసారి ఒక మనిషి ఇరుక్కుపోయాడు. అతని సంగతి మీకు చెప్పాలని చాలాకాలంగా ఉంది. ఫోన్లో మొదలుపెడితే మీరు మధ్యలో హోంవర్క్ అంటారు. అందుకని రాస్తున్నాను, తీరిగ్గా చదువుకోండి.

ఆసుపత్రిలో మెదడు కరెంటు రికార్డు చేసే పని నాది. తల మీద తీగలు పెట్టి, గీతలు తీసి, డాక్టర్లకి పంపాలి. ఎక్కువగా మూర్ఛలొచ్చే వాళ్ళు వచ్చేవారు. రిటైరయ్యే ముందు కొన్నాళ్ళు నన్నొక పరిశోధనలో వేశారు. డిప్రెషన్ ఉన్నవాళ్ళ మెదడు అనుకోని చప్పుడు వింటే ఎలా స్పందిస్తుందో కొలవడం.

పద్ధతి చెబితే మీకు ఆవులింతలొస్తాయి. మనిషిని చప్పుడు చొరబడని చిన్న గదిలో కుర్చీలో కూర్చోబెడతాం. తలకి తీగల టోపీ. చెవుల్లో పెట్టిన గొట్టాల్లోంచి ఒకటే చప్పుడు పోతూ ఉంటుంది. టిక్, టిక్, టిక్, టిక్. ఎప్పుడో ఒకసారి, ముందు చెప్పకుండా, టక్. మళ్ళీ టిక్ టిక్. ఎదురుగా మాటల్లేని సినిమా వేస్తాం. "చప్పుళ్ళని పట్టించుకోకండి, సినిమా చూడండి" అని చెబుతాం. మనిషి పట్టించుకోకపోయినా మెదడు ఊరుకోదు. టక్ అనగానే, రెప్ప వేసేలోపే, 'ఇదేంటి, ఇది రావాల్సింది కాదే' అనుకుంటుంది. అది గీతలో ఒక చిన్న పల్లంలా పడుతుంది. అదీ ఒక్కసారికి కనపడదు, బోలెడన్నిసార్లు వినిపించి సగటు తీస్తేనే. డిప్రెషన్ ఉన్నవాళ్ళకి ఆ పల్లం లోతు తగ్గుతుందేమోనని మా డాక్టరమ్మకి అనుమానం. ఉత్త అనుమానమే. తేలిపోయిన సంగతైతే పరిశోధన ఎందుకు?

ఆ డాక్టరమ్మది సూడాన్. మాట ఎంత మెత్తనో అనుమానం అంత గట్టిది. గీత బాగా వస్తే, "ఇంత బాగా ఎందుకొచ్చింది?" అనేది. బాగా రాకపోతే, "మీరేం చేశారు?" అనేది. నాతోపాటు పనిచేసే టెక్నీషియన్ ఫిలిప్పీన్స్ ఆవిడ. నన్ను 'సిస్టర్' అని పిలిచేది. నేను సగం తీగలు పెట్టేసరికి ఆవిడ అన్నీ పెట్టేసి కాఫీ కలుపుకుంటూ ఉండేది. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే. కారిడార్‌లో ఎవరు కూర్చున్నా పలకరించకుండా దాటేది కాదు.

ఒక పొద్దున ఆ కారిడార్‌లోకి ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. ముందు వచ్చినాయన ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన, చేతిలో రెండు ఫోన్లు. కరీంనగర్ వైపు ముస్లిం, ఒక కంపెనీలో సూపర్‌వైజర్. వెనకాల వచ్చినతను జగిత్యాల దగ్గర పల్లెటూరు వాడు. మనిషి సన్నగా, చొక్కా మాత్రం వదులుగా. చిక్కిపోక ముందు కొన్న చొక్కా అని చూస్తేనే తెలుస్తోంది. దోహా అవతల ఉమ్ సలాల్‌లో వాళ్ళ కంపెనీ కూరగాయల ఫారానికి నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. మానసిక వైద్యుడు చూసి డిప్రెషన్ అని మందులు రాసి, ఇష్టమైతే ఈ పరిశోధనకి కూడా వెళ్ళమన్నాడు.

సూపర్‌వైజర్ నా బ్యాడ్జీ మీద పేరు చదివి మొహం వెలిగించుకున్నాడు.

"మీరు తెలుగోళ్ళా అమ్మా? మంచిగైంది. ఒక్క ముచ్చట చెప్పున్రి. గీ మిషిన్ల యాక్టింగ్ దొరుకుతదా?"

"ఏం యాక్టింగండీ?"

"గీయనది. శాన రోజుల సంది గిట్లనే. పనికి నడువురా అంటే కూసుంటడు. తినురా అంటే కూసుంటడు. ఏమైందిరా అంటే జవాబ్ నై. గోడకు చెప్పినట్టే. డాక్టరేమో డిప్రెషన్ అంటుండు. మేనేజరేమో డ్రామా అంటుండు. కాంట్రాక్ట్ నడుమల ఇంటికి పోతందుకు డ్రామా అట."

"మరి మీరేమంటున్నారు?"

ఆయన వెనక్కి ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "నేను మస్తు మందిని చూసిన అమ్మా. కడుపు నొప్పి అంటరు, నడుం నొప్పి అంటరు. టికెట్ చేతుల వడంగనే అన్ని నొప్పులు మాఫీ."

విషయం నెమ్మదిగా అర్థమైంది. ఆ మేనేజర్ ఊళ్ళో మెసైమీర్ ఆఫీసులో కూర్చుంటాడు, ఫారం మొహం చూడడు. ఈ సూపర్‌వైజర్ ఏం చెబితే అదే వింటాడు. జబ్బు అని చెబితే ట్యాంకర్ ఇంకొకరికి ఇచ్చి, వైద్యం సాగనిస్తారు. డ్రామా అని చెబితే మర్నాటి నుంచి ట్యాంకర్ ఎక్కాల్సిందే, ఎక్కకపోతే ఉద్యోగం పోతుంది. ఎటు చూస్తున్నాడో తెలీని ఆ కళ్ళతో ఆ మనిషి రోడ్డు మీద ట్యాంకర్ నడపడం నేను ఊహించుకోలేకపోయాను.

"చూడండి, ఇది అబద్ధాలు పట్టే మిషన్ కాదు. ఒక్క మనిషి గీత చూసి జబ్బుందని గానీ లేదని గానీ చెప్పలేం. చాలామందివి కలిపి చూస్తేనే ఏదన్నా తెలిస్తే తెలుస్తుంది," అన్నాను.

ఆయన తల పంకించాడు. "సమజైంది అమ్మా. చెప్పొద్దని పైనుంచి ఆర్డరున్నట్టుంది."

నేను తీగల పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళాను.

డాక్టరమ్మ అతన్నొక్కణ్ణే లోపలికి పిలిపించి, నీకు ఇష్టమేనా, వద్దంటే ఇప్పుడే వెళ్ళిపోవచ్చు, ఎవరికీ చెప్పం అని నాతో అడిగించింది. తల ఊపాడు. ఊపేముందు మాత్రం తలుపు వైపు చూశాడు. బలవంతం మీద వచ్చాడా అని నాకు అక్కడే శంక మొదలైంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ ఊపాడు.

తల నిండా కొబ్బరినూనె. నూనె ఉంటే తీగలు సరిగ్గా పట్టవు. షాంపూతో కడుక్కోమని పంపాను. తుడుచుకుంటూ వచ్చి, తనంతట తాను మొదటి మాట మాట్లాడాడు.

"అమ్మా, గిది పెట్టుకుంటే లోపట అనుకున్నయి బయటపడతయా?"

"పడవు బాబూ. నీకేం భయం లేదు."

నమ్మలేదు. టోపీ పెడుతుంటే మెడ బిగబట్టుకునే ఉన్నాడు.

రికార్డింగ్ మొదలైంది. మేమిద్దరం బయట, అద్దం కిటికీ ఇవతల. లోపలి మాట మాకు వినపడదు, మైక్ ఉంటే గీతల్లోకి గరగర వస్తుందని దాన్ని ఆపేసి ఉంచేవాళ్ళం. కాసేపయ్యాక ఫిలిప్పీన్స్ ఆవిడ నా మోచేతిని పొడిచింది.

"సిస్టర్, ఇది చూడు."

చూశాను. టిక్ టిక్ నడుస్తున్నంతసేపూ గీతలు సాఫీగా ఉన్నాయి. టక్ పడిందా, కాస్త ఆగి పెద్ద గరుకు. చెవుల దగ్గర తీగల్లో మరీ ఎక్కువ. మళ్ళీ సాఫీ. మళ్ళీ టక్, మళ్ళీ గరుకు. తప్పకుండా ప్రతిసారీ. ఇది మెదడు గీత కాదు, కండరం గీత. మొహంలోనో మెడలోనో ఏదో కదులుతోంది.

"పళ్ళు కొరుకుతున్నాడు," అందావిడ. "కావాలనే. చప్పుడు మారినప్పుడే కొరుకుతున్నాడు చూడు. ఒక్కటి కూడా వదలట్లేదు. ఇంత కనిపెట్టుకుని ఉన్నవాడికి డిప్రెషన్ ఏంటి సిస్టర్? నాకన్నా షార్ప్‌గా ఉన్నాడు."

అద్దంలోంచి చూశాను. మొహంలో కదలికే లేదు. దవడ బిగుసుకోలేదు. పాస్‌పోర్టు ఫొటోలో ఎలా ఉంటామో అలా కూర్చున్నాడు. అంత నిశ్చలంగా ఉన్న మొహం వెనక అంత లెక్కగా ఏం చేస్తున్నాడు? నిజం చెప్పొద్దూ, సూపర్‌వైజర్ మాటలు నా చెవిలోనూ మోగాయి. మిషన్‌ని మోసం చేద్దామని ఎవరన్నా నేర్పి పంపారా? ఆ తర్వాత మిషన్ మీద పడింది అనుమానం. తీగలు మార్చాను, చెవి గొట్టాలు మార్చాను. గరుకు పోలేదు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "ఇది పనికిరాదు. ఎందుకిలా వచ్చిందో తెలీకుండా పారెయ్యను కూడా పారెయ్యను. అతనికి ఇష్టమైతే వచ్చేవారం మళ్ళీ తీయండి," అని వెళ్ళిపోయింది.

తీగల కింద పూసిన జిగురు కడిగించి అతన్ని బయటికి తీసుకొచ్చేసరికి కారిడార్‌లో ఫిలిప్పీన్స్ ఆవిడా సూపర్‌వైజరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. అనుకున్నంతా అయింది. ఆయన ఎదురొచ్చి, "మస్తు షార్ప్ ఉన్నడట గద అమ్మా! మీ మేడమ్ చెప్పింది. దొరికిండు!" అన్నాడు. మేనేజర్‌కి చెయ్యడానికి ఫోన్ అప్పటికే తీశాడు.

"ఎవరూ దొరకలేదండీ. రికార్డింగ్ సరిగ్గా రాలేదు. వచ్చేవారం మళ్ళీ తీస్తాం."

"సరిగ్గ రాలేదా, మీకు నచ్చినట్టు రాలేదా?"

అంత మాట అన్నాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఆంధ్రోళ్ళు, ఆయన మా దిక్కోడు. మీకెందుకమ్మా గింత తాపత్రయం? ఆయనేమన్న చెప్పిండా మీకు?" అని అడిగాడు. అంటే అప్పటికి నేను కూడా ఆ డ్రామాలో ఒక పాత్రనయ్యానన్నమాట.

"వారం రోజులు మేనేజర్‌గారికి ఏమీ చెప్పకండి. ఆ తర్వాత మీ ఇష్టం," అన్నాను.

"సరే. వచ్చే వారం దాక ఆపుత. గంతే."

ట్యాంకర్ డ్రైవర్ ఇదంతా వింటూ గోడ పక్కన నిలబడ్డాడు. సూపర్‌వైజర్ అతని మొహంలో మొహం పెట్టి అడిగాడు, "ఏమ్రా? డ్రామానా?" అతను నేల చూశాడు. "చూసిన్రా అమ్మా? తప్పు లేకపోతే చెప్పడా?"

ఉమ్ ఘువైలినాలో మా ఫ్లాట్‌కి వెళ్ళి మీ తాతయ్యకి చెబితే, ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "నువ్వు తీగలు పెట్టేదానివి. తీగలు పెట్టి వచ్చెయ్యి," అన్నారు. మంచి సలహానే. ఆ వారమంతా పాటిద్దామనే చూశాను. కానీ కూర వేయిస్తుంటే కూడా ఆ గరుకే కళ్ళ ముందు. ఫిలిప్పీన్స్ ఆవిడ కావాలని చెప్పిందా? సూపర్‌వైజర్ మేనేజర్‌కి అప్పుడే చెప్పేశాడా? అతను నిజంగా నటిస్తున్నాడా? ఎవరిని చూసినా ఏదో దాస్తున్నట్టే ఉంది. లిఫ్టులో పక్కింటావిడ నవ్వినా ఎందుకు నవ్విందా అనుకునేదాన్ని.

వారం తిరిగింది. ఇద్దరూ వచ్చారు. ఈసారి నేను బయట ఉండనన్నాను. "ఒక తీగ వదులవుతోంది, పట్టుకుని చూస్తాను" అని వంక చెప్పి అతని వెనకాల స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఫిలిప్పీన్స్ ఆవిడ అద్దం అవతల.

తలుపు మూసేశాక ఆ గదిలో మన ఊపిరి మనకే వినపడుతుంది. సినిమాలో ఎవరో చేపలు పడుతున్నారు. అతని చెవుల్లో పోయే చప్పుడు నాకు వినపడదు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో సన్నగా, తేనెటీగ ఒకటి తప్పిపోయి వచ్చినట్టు... ఏసీ అనుకున్నాను. మళ్ళీ వచ్చింది. ముందుకు వంగాను.

"ఊఁ."

పెదాలు కలిపే ఉన్నాయి. గొంతులోంచి, ముక్కులోంచి వస్తోంది.

మళ్ళీ కాసేపటికి, "ఊఁ."

అద్దంలోంచి ఫిలిప్పీన్స్ ఆవిడకి సైగ చేశాను, తెర మీద చప్పుడు మారిన గుర్తు పడ్డప్పుడల్లా వేలు ఎత్తమని. ఆవిడకేమీ అర్థం కాలేదు గానీ ఎత్తింది. వేలు లేచింది, "ఊఁ." వేలు దిగింది, నిశ్శబ్దం. వేలు లేచింది, "ఊఁ." ఎంతసేపు అలా చూశానో! అవతల ఆవిడ వేలెత్తడం, ఇవతల ఇతను ఊఁ అనడం. ఒకరి సంగతి ఒకరికి తెలీదు.

రికార్డింగ్ ఆపించి అతని ముందుకొచ్చి కూర్చున్నాను. చెవి గొట్టాలు తీశాను.

"ఎవరికి బాబూ ఊఁ కొడుతున్నావు?"

అతనికి వెంటనే తెలియలేదు. తను ఊఁ అంటున్నట్టే తెలీదు మరి. ఒక్కో మాటా తవ్వి తీసినట్టు చెప్పాడు. "ఒక్క తీర్గ పోతాంటది గదమ్మా. నడుమల గొంతు మారుతది. నన్నే అడిగినట్టు అనిపిస్తది. ఊఁ అనకపోతే... ఇంటలేడు అనుకుంటరు గద."

"ఎవరనుకుంటారు?"

"అందరు." టోపీ అంచు తడుముకున్నాడు. "ఇంట్ల దానితోని గూడ గంతేనమ్మా. అది ఫోన్ల చెప్తాంటది. పోరగాండ్ల ముచ్చట్లు, పొలం ముచ్చట్లు. నాకు మాట రాదు. ఊఁ ఒక్కటి అస్తది. దానికి గల్ఫ్ అంత దుబాయే. దుబాయ్‌ల ఎవతన్న దొరికిందా, పక్కకు ఎవలున్నరు, ఊఁ తప్ప ఇంకోటి రాదా అంటది. అప్పుడు గూడ ఊఁ అంట. ఇంక తిడుతది."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అతని ముందు రెండూ చేయలేదు. "కాసేపు కూర్చో, వస్తాను" అని బయటికొచ్చి డాక్టరమ్మ గదికి పరుగెత్తాను. నేను పరుగెత్తడం ఆ ఆసుపత్రిలో ఎవరూ చూడలేదు అంతకుముందు.

చెప్పాను. ఆవిడ చేతులు కట్టుకుని విన్నది.

"మీ భాషలో మనిషి బీప్‌కి జవాబు చెబుతాడా?"

"బీప్‌కి కాదండీ. ఎవరన్నా ఏదన్నా చెబుతుంటే వినేవాళ్ళు మధ్యలో ఊఁ అంటూ ఉండాలి. అనకపోతే చెప్పేవాళ్ళు ఆపేస్తారు. కథ చెప్పేముందు పిల్లలకి కూడా ఊఁ కొట్టమని చెబుతాం. పసితనం నుంచి అలవాటైపోయింది, మాకు తెలీకుండానే వచ్చేస్తుంది."

"అంటే అవునని అర్థమా?"

"ఒక్కోసారి అవును. ఎక్కువసార్లు అవునూ కాదు, కాదూ కాదు. వింటున్నాను, చెప్పు, అని."

ఆవిడ కుర్చీ వెనక్కి జరిపింది. "అతనిదీ మీదీ ఒకే భాష. వారం నుంచి మీరు అతని గురించి కంగారు పడుతున్నారు. మీరు అనువాదం చేస్తున్నారా, వకాల్తా పుచ్చుకుంటున్నారా?"

మెత్తగానే అడిగింది. అయినా చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడ తప్పు లేదనుకోండి. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అడుగుదును. తలుపు తీసే ఉంది. బయట కారిడార్‌లో సూపర్‌వైజర్ ఫోన్ మోగింది.

"హలో, హౌ అమ్మీ, సలామలేకుం." కరీంనగర్ నుంచి వాళ్ళమ్మ. వాళ్ళింట్లో హిందీ సగం, తెలుగు సగం. ఆవిడ గొంతు ఫోన్లోంచి మా దాకా వస్తోంది, ఎవరి పెళ్ళిలోనో భోజనాలు సరిగ్గా జరగలేదని. ఈయన గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఊఁ... ఊఁ... అచ్ఛా... ఊఁ. ఊఁ. ఊఁ..."

డాక్టరమ్మ తల కొద్దిగా పక్కకి వంచింది. ఆయన ఫోన్ పెట్టేదాకా ఆగి, ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి ఇంగ్లీషులో అడిగింది, "మీరిప్పుడు దేనికి ఒప్పుకున్నారు?"

ఆయన బెదిరిపోయి, వచ్చిన ఇంగ్లీషులో తెలుగు కలిపేశాడు. "ఒప్పుకున్ననా? నేనేం ఒప్పుకోలేదు మేడమ్! మా అమ్మ ఏదో చెప్తున్నది, గంతే!"

"అన్నిసార్లు అవునన్నారు కదా?"

"అవును కాదు మేడమ్, గది... గది ఊఁ కొట్టుడు! ఇంటున్న అని! అనకపోతే అమ్మీ తిడుతది, ఫోన్ పక్కకు పెట్టినవారా అంటది." నాకేసి చూశాడు, కాపాడమన్నట్టు. "జర మీరు చెప్పున్రి అమ్మా."

"నేను చెప్పకూడదండీ," అన్నాను.

ఫిలిప్పీన్స్ ఆవిడ కూడా వచ్చింది. వేలెత్తిన సంగతి, ఎత్తినప్పుడల్లా గీతలో గరుకు వచ్చిన సంగతి చెప్పింది. పళ్ళు కొరకడం కాదా అని డాక్టరమ్మ అడిగితే, "నేను అలా అన్నానా?" అంది. సరే, పోనివ్వండి.

డాక్టరమ్మ ఒక పని చేసింది. అతని గొంతు దగ్గర ఒక తీగ అదనంగా పెట్టించింది. ఈసారి ఎలా ఉండాలో నన్ను కాకుండా సూపర్‌వైజర్‌ని చెప్పమంది. ఆయన గదిలోకి వెళ్ళి, టోపీ పెట్టుకున్న తన డ్రైవర్ ముందు ఇబ్బందిగా నిలబడి, "ఇగో, ఇందుల ఎవ్వలు నిన్ను పిలుస్తలేరు. ఎవ్వలు ఏం అడుగుతలేరు. నువ్వు పలుకకున్నా ఎవ్వలేమనుకోరు. సమజైందా?" అన్నాడు. అతను ఆయన వైపు చాలాసేపు చూశాడు. ఆ మాట అంతకుముందు ఎవరూ అతనికి చెప్పి ఉండరనిపించింది నాకు.

గరుకు పోయింది. కింద దాగి ఉన్న అసలు గీత బయటపడింది. టక్ అన్నచోట పల్లం ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఫిలిప్పీన్స్ ఆవిడ నెమ్మదిగా, "అయ్యో, ఎంత చిన్నదో," అంది. డాక్టరమ్మ వెంటనే, "ఒక్క మనిషిది చూసి ఏమీ అనుకోవద్దు. మొదటి రికార్డింగ్ మాత్రం పక్కన పెట్టేయండి," అంది. ఆ తర్వాత తెలుగువాళ్ళు ఎవరొచ్చినా గొంతు దగ్గర తీగ పెట్టందే ఆవిడ రికార్డింగ్ మొదలెట్టనిచ్చేది కాదు. నా గొంతుకేసి కూడా అప్పుడప్పుడు అనుమానంగా చూసేది.

సూపర్‌వైజర్ కారిడార్‌లో నన్ను ఆపాడు.

"ఆఖరికి ఏం చెప్పిందమ్మా మిషిన్?"

"ఏమీ చెప్పలేదండీ. చెప్పదని మొదటిరోజే చెప్పాను."

"గట్లంటే నేను మేనేజర్‌కు ఏం చెప్పాలె? ఇయ్యాలటి దాక ఆపిన. ఇగ ఆగడు." ఆయన గొంతులో మొదటిసారి కోపం బదులు తికమక వినపడింది. అప్పుడే డ్రైవర్ తల తుడుచుకుంటూ వచ్చాడు. ఈయన అటు తిరిగాడు.

"అరే, నేను గిన్ని దినాలు అడిగితే నోరు తెరవలేదు. ఆ మిషిన్‌కు ఊఁ అన్నవా?"

అతను తువ్వాలు చేతుల్లో ముద్దగా చుట్టుకుంటూ నిలబడ్డాడు. చెప్పడనే అనుకున్నాను.

"మీరు డ్రామానా అని అడుగుతరు సార్. ఊఁ అంటే ఒప్పుకున్నట్టు అయితది గద."

"మరి కాదు అనొచ్చు గదరా!"

"కాదు అంటే... మరేంది అంటరు. గది చెప్పతందుకే మాటలు అస్తలేవు."

సూపర్‌వైజర్ చేతిలో ఒక ఫోన్ మోగింది. ఎవరిదో చూడకుండానే ఆపేశాడు. ఇంకోటి మోగింది. దాన్నీ ఆపాడు. మేనేజరే అయి ఉంటాడు.

"వేరేగా అడిగి చూడండి," అన్నాను నేను. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా.

"వేరే అంటే ఎట్లమ్మా?"

చెబితే మళ్ళీ నా వకాల్తా అవుతుంది. ఆయన బుగ్గ గోక్కున్నాడు. గోడకేసి చూశాడు. తర్వాత వెళ్ళి బెంచీ మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. అతను కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురు గోడనే చూస్తున్నారు. ఎంతసేపటికో, గొంతులో గదమాయింపు తీసేసి, ఇంట్లోవాళ్ళని అడిగినట్టు అడిగాడు.

"పానం బాగలేదారా?"

"ఊఁ," అన్నాడతను.

సూపర్‌వైజర్ ఫోన్ తీసి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మేనేజర్‌తో మాట్లాడేది హిందీలోనే. ముక్కలు ముక్కలుగా నాకు వినపడింది. బీమార్, జబ్బు మనిషి, అన్నాడు. ట్యాంకర్ ఇంకొకడికి ఇచ్చేస్తా, ఇతని వైద్యం నడవనీయండి అన్నాడు. అవతలి నుంచి, మిషన్‌లో తేలిందా అని అడిగినట్టున్నారు.

"నై సాబ్. మిషన్ కుచ్ నై బోలీ," అన్నాడాయన. "మై పూఛా. ఉనే బోలా." నేనడిగాను, అతను చెప్పాడు, అని.